తెల్లాపూర్ కిటికీలోంచి కంప్యూటర్ పంట

తెల్లాపూర్‌లో ఏ టవర్ పద్నాలుగో అంతస్తుకో ఎక్కి ఉత్తరం వైపు చూడండి. క్రేన్లు, సగం లేచిన బ్లాకులు, ఎర్రమట్టి లేఅవుట్లు... వాటి వెనుక ఒక్కసారిగా పచ్చగా పరుచుకున్న నేల కనిపిస్తుంది. ఒక్క అపార్ట్‌మెంట్ కూడా లేదు. ఫ్లాట్ అమ్మేవాళ్లు దాన్ని ‘గ్రీన్ వ్యూ’ అంటారు. ఆ వైపు బాల్కనీ కావాలంటే రేటు కూడా ఎక్కువే! ఇంతకీ అది పార్కు కాదు, అడవీ కాదు. ఇక్రిశాట్. దాదాపు 1,400 హెక్టార్లు.

రోజూ చూసే నేలే కదా, దగ్గరికెళ్లి చూద్దామని ఓ ఆదివారం బండి తీశా. రామచంద్రపురం దాటి ముంబై హైవే ఎక్కి పటాన్‌చెరు వైపు వెళ్తుంటే ఎడమ చేతి పక్కన కంచె మొదలవుతుంది. ఎంతకీ అయిపోదు. కుడివైపు లారీలు, వర్క్‌షాపులు, ముందుకెళ్లే కొద్దీ ఫ్యాక్టరీల వాసన. ఎడమవైపు మాత్రం చెట్లు. అనుమతి లేకుండా లోపలికి పోనివ్వరు కాబట్టి బయట చాయ్ తాగి, కంచె వెంట నడిచి వచ్చేశా. కానీ ఆ కంచె లోపల జరిగిన పనుల గురించి చదువుతుంటే మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక్రిశాట్ 1972లో పెట్టారు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ... నీళ్లు తక్కువగా ఉండే చోట పండే పంటల కోసం. ఇక్కడే ఎందుకంటే, ఒకే చోట నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఉన్నాయి. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఇంకోటుంది. 1983 మార్చిలో ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు ఇక్కడికొచ్చి ఒక జాబితా మీద కూర్చున్నారు. పంటని కంప్యూటర్‌లో పండించాలంటే కనీసం ఏమేం కొలవాలి? రోజూ పడ్డ వాన, గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, ఎండ తీవ్రత, నేల ఎంత లోతు, ఏ పొర ఎంత నీరు పట్టుకుంటుంది, విత్తనం ఎప్పుడు వేశారు... చాలా బోరింగ్ లిస్టే. కానీ ఆ లిస్టు లేకపోతే ఒక దేశంలో తయారైన మోడల్ ఇంకో దేశం పొలానికి పనికిరాదు. ఆ కృషి నుంచే 1989లో డీఎస్‌ఎస్‌ఏటీ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇవాళ్టికీ వాడుతున్నారు.

ఇదెలా పనిచేస్తుందంటే, మీరు ఫోన్‌లో ఫార్మింగ్ గేమ్ ఆడుంటారు కదా, దాదాపు అలాగే. ప్రోగ్రామ్ ఒక్కో రోజు ముందుకు జరుగుతుంది. ఈరోజు వాన పడిందా? వేరుకి ఎంత అందింది? ఆకు ఎంత ఎండ తీసుకుంది? అలా విత్తిన రోజు నుంచి కోత దాకా లెక్క. తేడా ఒక్కటే. గేమ్‌లో పంట బాగుంటే సంబరం, ఇక్కడ నిజం పొలంలో కొలిచిన దిగుబడితో సరిపోలితేనే నమ్ముతారు. అందుకు ఏళ్ల తరబడి కొలతలు కావాలి. ఇక్రిశాట్ నల్లరేగడిలో 1976 నుంచి నడుస్తున్న ఒక ప్రయోగం ఉంది. వాన నీటిని ఒడిసిపట్టి, పంటలు మార్చి చేసిన సేద్యంలో హెక్టారుకు ఏడాదికి సగటున 5.1 టన్నుల గింజ. పక్కనే పాత పద్ధతి మడిలో 1.1 టన్నులు. మోడల్‌ని నిలబెట్టేవి ఇలాంటి కొలతలే.

పాత వానలకి సరిపోలిందా? సరే, ఇప్పుడు ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెంచి మళ్లీ నడుపుతారు. ఇక్రిశాట్‌లో పియారా సింగ్, ఆయన సహచరులు అనంతపురంలాంటి చోట్లకి, భూమ్మీద ఇంకా పుట్టని వేరుశనగ రకాల్ని కంప్యూటర్‌లో వేసి చూశారు. వేడిని తట్టుకునే రకమా, కరువుని తట్టుకునేదా, ఏది లాభం? నిజంగా ఒక కొత్త రకం తేవాలంటే ఏళ్లు పడుతుంది. ముందే అడిగితే ఆ ఏళ్లు వృథా కావు.

ప్రభుత్వం చేతికి వెళ్లేది కూడా ఇలాంటి లెక్కలే. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రిడా నడిపించే ‘నిక్రా’ పథకం 2011లో మొదలైంది. దాని మోడల్ లెక్కలు పార్లమెంటులో కూడా వినిపించాయి: సర్దుబాటు చర్యలేవీ తీసుకోకపోతే, వానమీద ఆధారపడ్డ వరి దిగుబడి 2050 నాటికి 20 శాతం, 2080 నాటికి 47 శాతం తగ్గుతుంది. నీటి వసతి ఉన్న వరి మాత్రం 3.5, 5 శాతమే.

హెడ్‌లైన్‌లోకి ఎక్కేది 47. నాకు మాత్రం ఆ రెండు వరుసల మధ్య తేడానే అసలు వార్త అనిపిస్తుంది. అదే వరి, అదే వేడి, నీళ్లు ఉన్నాయా లేవా అన్నదే తేడా. అయితే ‘నీటి వసతి ఉంది’ అని మోడల్‌కి చెప్పేది మనమే. ఆ నీళ్లు చెరువువా, అడుగంటిన బోరువా అన్నది అది అడగదు. ఎండాకాలం ట్యాంకర్ల కోసం ఎదురుచూసే తెల్లాపూర్ వాళ్లకి ఈ ముక్క వేరేగా చెప్పక్కర్లేదు.

మా గేటు దగ్గర వాచ్‌మన్ తాతకి ఇదంతా చెప్పా. ఆయన ఒకప్పుడు ఈ పక్క నేలల్లోనే జొన్న వేసినవాడు. నవ్వాడు. ‘‘మాకు కంప్యూటర్ ఏడిది బిడ్డా? రోహిణి ఎండలు సూస్తుంటిమి, మృగశిరల ఇత్తనం ఏస్తుంటిమి. గదే లెక్క.’’

ఆలోచిస్తే కార్తె కూడా మోడలే. తరాల అనుభవాన్ని క్యాలెండర్‌లో బిగించిన మోడల్. కాకపోతే దానికి అప్‌డేట్ లేదు.

‘‘మరి తాతా, మృగశిరల వాన పడకపోతే?’’

‘‘ఇత్తనం పాయె. మల్ల కొనాలె. అప్పు జేయాలె.’’

ఆ రెండోసారి కొనే విత్తనం దగ్గరే ఈ కథ తేలాలి. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి ఒక ప్రయత్నం చేశాయి. 1986 నుంచి 30 ఏళ్ల వాతావరణాన్ని లెక్కగట్టి, 175 మంది వేరుశనగ రైతులకి ఎప్పుడు విత్తాలో ఎస్‌ఎంఎస్ పంపారు. అలవాటైన జూన్ మొదట్లో కాదు, ఆగండి అని. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని నిర్వాహకులు చెప్పారు. ఒక్క ఏడాది, 175 పొలాలు. ఆ ఏటి వాన వాటా ఎంత, మెసేజ్ వాటా ఎంత అని నేనైతే అడుగుతా. కానీ చుట్టుపక్కల అందరూ విత్తేస్తుంటే, ఫోన్‌లో వచ్చిన ఒక లైన్ నమ్మి మూడు వారాలు చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఊహించండి. మెసేజ్ తప్పితే నష్టం కంప్యూటర్‌ది కాదు కదా.

క్రిడా వాళ్ల జిల్లావారీ ప్రణాళికలు ఈ భారాన్ని కొంత ప్రభుత్వం మీదికి తెస్తాయి. వాన రెండు వారాలు లేటైతే ఏ పంట, నాలుగు వారాలైతే ఏది, ఆరైతే ఏది అని ముందే రాసి పెడతారు. కాగితం బాగుంది. కానీ ఆ రెండో పంట విత్తనం ఆ వారంలో మండల కేంద్రంలో దొరకాలి. దొరక్కపోతే మోడల్ ఎంత కరెక్టయినా ఒకటే.

మోడల్‌కి కనిపించనివి ఇంకా ఉన్నాయి. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లు కలిసిన నక్కవాగు గురించి 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. పంట మోడల్ నేల లోతు అడుగుతుంది, వాగులో ఏం కలిసిందో అడగదు. తాత భూమి ఇప్పుడు విల్లాలు అని కూడా దానికి తెలీదు.

మీ ఫోన్‌లో మేఘదూత్ అనే యాప్ వేసుకోవచ్చు. 2019లో వచ్చింది. భారత వాతావరణ శాఖది, తయారీలో ఇక్రిశాట్ చేయి కూడా ఉంది. తెలుగులో ఉంది. జిల్లా ఎంచుకుంటే వారంలో రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో, పంట సలహా వస్తుంది. తాత అల్లుడికి నారాయణఖేడ్ దగ్గర రెండెకరాల కంది ఉందట. ఆయన ఫోన్‌లో వేసిచ్చా. సంగారెడ్డి జిల్లా అని చూపిస్తే, ‘‘గిది జిల్లా మొత్తానికి జెప్తున్నదా? మా ఊరి వాన ఏరే, పక్కూరి వాన ఏరే’’ అన్నాడు అల్లుడు. వాళ్ల ఊళ్లో వాన కొలిచే యంత్రం ఉందో లేదో కనుక్కుంటానని వెళ్లాడు.