కారణం చెప్పని గురువు

ఆర్గన్ మహావాద్యం. దానిని చేతులతోపాటు పాదాలతోనూ వాయించాలి. అడుగున పాదాలకు ప్రత్యేకంగా మెట్లవరుస ఉంటుంది. ఫ్రాన్సు దేశపు విదుషి ఝాన్ దెమెస్యూ ఆ పాదవాదనంలో అసామాన్యురాలు. అదీ ఎత్తుమడమల జోళ్ళతో!

1921లో మోంపెలియేలో జన్మించిన ఆమె, పన్నెండేళ్ళకే పారిస్‌లోని సాంతెస్ప్రీ చర్చిలో ఆర్గన్ వాద్యకారిణి అయింది. విఖ్యాతుడైన మార్సెల్ ద్యుప్రే ఆమెను ఏళ్ళ తరబడి తీర్చిదిద్దాడు. 1944లో ఆమె ఆరు ‘ఎత్యూద్’లు, అనగా అభ్యాసకృతులు, రచించింది. పాదాలకు చేతులతో సమానమైన శ్రమ పెట్టే ఆ రచనలంటే చేయి తిరిగినవారు సైతం జంకుతారు. 1946లో ప్లెయెల్ సంగీతమందిరంలో ఆమె కచేరీ చేయగా పారిస్ ముగ్ధమైంది.

అనంతరం కొద్దికాలానికే గురువు ఆమెతో సంబంధం తెంచుకొన్నాడు. కారణం లోకానికి తెలియలేదు.

గురుశిష్యుల ఎడబాటు క్రొత్తది కాదు. కాని హేతువు చెప్పని శిక్షను నేను సమర్థించలేను. చిరకాలం పాఠాలు చెప్పినవాడిని; తప్పేదో చూపకుండా మార్కులు కోసిన పంతులును ఏ పిల్లవాడూ మన్నించడు.

ఆమె వాదనం మాత్రం ఆగలేదు. దేశదేశాల కచేరీలు, బెల్జియంలోని లియేజ్‌లో అధ్యాపకత్వం, 1962లో పారిస్ మద్లేన్ చర్చిలో ఆర్గన్ పీఠం. 1968 నవంబరు 11న, నలభై యేడవ యేట, కన్నుమూసింది. అప్పటికి ద్యుప్రేకు ఎనభై రెండేళ్ళు.