మిగిలిన డబ్బు

చికిత్సకు చందా వేయడం మనవాళ్ళకు ఒకరు నేర్పక్కర్లేదు. కుర్రాడికి క్యాన్సరని తెలిసిన సాయంత్రానికే ఫొటో, క్యూఆర్ కోడ్ వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతాయి. కాలేజీవాళ్ళు, పదో తరగతి బ్యాచ్‌వాళ్ళు, కువైట్‌లో ఉన్న మేనమామ, ఆయనతో గదిలో ఉండే నలుగురు, ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు. ఆరోగ్యశ్రీ పోను మిగతా ఖర్చు అలా గట్టెక్కుతుంది. నా ఓపీలో ఇది రోజూ చూసేదే. పరిశోధనకు చందా ఇస్తానన్న పేషెంటు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కడే కనబడ్డాడు.

కోనసీమ కుర్రాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు. మోకాలి పైన నొప్పి వస్తే వాలీబాల్ దెబ్బనుకుని నూనె రాయించారు, నాటుకట్టు కట్టించారు. రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వని నొప్పి, రోజురోజుకూ పెరిగే వాపు కలిసి వస్తే ఆ వయసులో కట్టు కంటే ముందు ఎక్స్‌రే తీయించాలి. (ఎన్నిసార్లు రాసినా ఈ వాక్యం మళ్ళీ రాయక తప్పడం లేదు.) బయాప్సీలో ఆస్టియోసార్కోమా, అంటే ఒక ఎముక క్యాన్సర్, అని తేలింది. వాళ్ళ నాన్న అడిగింది ఒక్కటే: “కాలు తీసేత్తారాండీ?” తీయలేదు. ముందు కీమో, తర్వాత జబ్బున్న ఎముక తీసి లోహపు కీలు అమర్చడం, మళ్ళీ కీమో. ఊపిరితిత్తులకు పాకకుండానే దొరికింది కాబట్టి ధైర్యంగానే మొదలుపెట్టాం.

కుర్రాడు ప్రతిదీ చదివి వచ్చే రకం. ఈ మందులు ఎప్పటివి సార్ అన్నాడు. సిస్‌ప్లాటిన్, పేషెంట్లు ఎర్రమందు అనే డాక్సోరుబిసిన్, మెథోట్రెక్సేట్. మూడోదాని దగ్గర నాకు కాస్త గర్వం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో తన బృందంతో చేయించిన మందు అది, ఆయన 1948లోనే పోయారు అని చెప్పాను. “అంటే మా తాత పుట్టిననాటి మందా సార్?” అన్నాడు. గర్వం అక్కడితో సరి.

అప్పుడే టెర్రీ ఫాక్స్ సంగతి చెప్పాను. కెనడా కుర్రాడు. 1977లో, పద్దెనిమిదేళ్ళప్పుడు, ఇదే జబ్బుతో కుడికాలు మోకాలి పైకి తీసేశారు. బతికే అవకాశం నూటికి యాభై అన్నారు డాక్టర్లు. రెండేళ్ళ ముందైతే పదిహేనే అని కూడా చెప్పారు. పుస్తకాల్లో అతన్ని ధైర్యానికి ఉదాహరణగా చూపిస్తారు. నాకు నచ్చేది అతని లెక్క. పదిహేనుకీ యాభైకీ మధ్య తేడా ఎవరో పెట్టిన డబ్బుతో, ఎవరో ల్యాబుల్లో పడ్డ కష్టంతో వచ్చిందని పట్టుకున్నాడు. అందుకే తన వైద్యానికి కాదు, పరిశోధనకు అడిగాడు. దేశంలో మనిషికొక డాలరు. 1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ నుంచి కృత్రిమ కాలుతో, చాలా రోజులు దాదాపు 42 కిలోమీటర్లు పరుగెత్తుతూ బయల్దేరాడు. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర ఆగిపోయాడు. జబ్బు ఊపిరితిత్తుల్లో తిరగబెట్టింది. మరుసటి జూన్‌లో పోయాడు, ఇరవై మూడు నిండకుండా. అప్పటికే చందాలు 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటాయి, అంటే దేశ జనాభా అంత. అతని పేరున పరుగులు ఏటా జరుగుతూనే ఉన్నాయి. మన చెన్నై, ముంబైలలోనూ జరిపారు.

అయితే ఆ డబ్బు ఎన్నో క్యాన్సర్లకు ఉపయోగపడింది గానీ అతని జబ్బు మాత్రం పెద్దగా కదల్లేదు. ఇవాళ నేను రాసే మందులు దాదాపు ఆ కాలానివే. ఎముకలోనే ఉండగా దొరికితే పదిమందిలో ఆరేడుగురు నిలుస్తారు. ఊపిరితిత్తులకు పాకితే ఇద్దరో ముగ్గురో. 1980ల నుంచీ ఇంచుమించు ఇంతే. అరుదైన జబ్బు కాబట్టి కంపెనీలకు గిరాకీ కనిపించదు. ఏ ఒక్క ఆసుపత్రిలోనూ ఒక ప్రశ్న తేల్చేంతమంది పేషెంట్లు ఉండరు. ఆపరేషన్‌కు ముందు కీమోకి గడ్డ సరిగా లొంగనివాళ్ళకు మరో రెండు మందులు కలిపితే మేలుందా అని తేల్చడానికి యురామోస్ అనే పరీక్షలో 17 దేశాలు కలవాల్సి వచ్చింది. 2005 నుంచి 2011 దాకా 2,260 మందిని చేర్చుకున్నారు. జవాబు 2016లో అచ్చయింది: మేలు లేదు, బాధ ఎక్కువ. చాలామంది దీన్ని వృథా అంటారు. నేననను. ఆ రెండు మందులూ ఆ కారణంతో కలపడం మానేశాను; నా వార్డులో కొందరికైనా ఆ వాంతులు, ఆ జ్వరాలు తప్పాయి.

చికిత్స ముగిశాక మా కోనసీమ కుర్రాడి దగ్గర చందాల్లో లక్షా చిల్లర మిగిలింది. “మా జబ్బు పరిశోధనకి ఇచ్చేస్తాను సార్, ఎవరికివ్వాలి?” అన్నాడు. ముందు, ఇచ్చినవాళ్ళనడగమన్నాను. వాళ్ళు ఇచ్చింది అతని ప్రాణానికి. వేరే పనికి వాడాలంటే వాళ్ళ మాట ఉండాలి. అందరూ సరేనన్నారు. ఒక బాబాయి మాత్రం “నేనిచ్చింది నీ కాలికిరా, ఎలకలకి కాదు” అన్నాడట. ఆయనది ఆయనకు తిరిగిచ్చేశాడు. అదే సబబు.

లక్ష రూపాయలతో కొత్త మందు రాదు. దాతలకేమో తమ పేరు చెక్కిన యంత్రం కావాలి. మాకు లేనిది యంత్రం కాదు. పాత పేషెంట్ల గడ్డల ముక్కలు పారఫిన్ దిమ్మల్లో బీరువాల నిండా ఉన్నాయి. ఫైల్లో చివరి పేజీ చూస్తే ఆఖరుసారి వచ్చిన తేదీ, ఎప్పుడో మారిపోయిన ఫోన్ నంబరు. ఆ మనిషి ఉన్నాడో లేడో తెలియకపోతే ఆ దిమ్మతో ఏ శాస్త్రవేత్తా ఏమీ తేల్చలేడు. ఎవరి గడ్డ తిరగబెట్టింది, ఎవరిది తిరగబెట్టలేదు అన్నదే అసలు ప్రశ్న. కాబట్టి కొన్ని నెలలపాటు ఒక మనిషిని జీతానికి పెట్టి, ఆ పాత పేషెంట్లను వెతికి పట్టుకుందామన్నాను. కుర్రాడి స్నేహితులు చప్పబడిపోయారు. ఫోన్లు చేయడం పరిశోధనా అని ఒకడన్నాడు. అరుదైన జబ్బులో మొదటి పరిశోధన ఇదే. ఇక్కడ ఖాళీలుంటే, రేపు నాలుగు దేశాలు కలిసి పనిచేసేటప్పుడు మన పిల్లలు ఆ లెక్కలోకి రారు.

డబ్బు నా చేతికి తీసుకోలేదు. ఆసుపత్రి పరిశోధన ఖాతాకు చెక్కు, రశీదు, వేటికి వాడతామో కాగితం. పరిశోధన పేరు చెప్పి అడిగేవాళ్ళను ఈ మూడూ అడగండి, ఇవ్వలేనివాళ్ళకు ఇవ్వకండి. ఎథిక్స్ కమిటీ అనుమతికి మాత్రం నేననుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టింది.

కుర్రాడు ఇప్పుడు చెకప్‌కి వచ్చినప్పుడల్లా రిపోర్టు కంటే ముందు లెక్క అడుగుతున్నాడు. ఎంతమంది దొరికారు, ఎంత ఖర్చయింది, దొరకనివాళ్ళ సంగతేమిటి. పోయినసారి, ఫోన్ ఎత్తనివాళ్ళకు వాళ్ళ ఊరి ఆశా కార్యకర్త ద్వారా కబురు పెట్టొచ్చుగా సార్ అన్నాడు. పెట్టొచ్చు. కానీ పెళ్ళి చేసుకుని, జబ్బు సంగతి అత్తవారింట చెప్పుకోని ఆడపిల్లలు ఆ జాబితాలో ఉన్నారు. వాళ్ళ గుట్టు బయటపడకుండా కబురు ఎలా పంపాలో రాసుకు రమ్మన్నాను. అది వచ్చాక కమిటీకి పెట్టాలి.