ఇత్తడి కిటికీ

నా నోటుబుక్కులో ఒక చిన్న జలాంతర్గామి ఉంది. ఒక్క మనిషి పట్టేంత. గుండ్రటి ఇత్తడి కిటికీలు, ఒంటినిండా రివెట్ల వరసలు. విశాఖ బీచిలో ఉన్న కురుసురా జలాంతర్గామి లోపలికి తల వంచి దూరిన రోజు నుంచీ ఈ బొమ్మ గీస్తూనే ఉన్నాను.

గీసేకొద్దీ ఒక సంగతి తేటపడింది. పాతదనం పై తొడుగు వరకే ఉండాలి. రివెట్టుకి బెజ్జం కావాలి, బెజ్జం నీటికి దారి. అందుకే లోపలి ఉక్కు గొట్టం వెల్డింగుతోనే. రివెట్లన్నీ దానిమీద కప్పే పల్చటి రేకుకి. కిటికీ దగ్గరే మనసు ఊగిసలాడింది. పెద్దదైతే ఎంత అందం! కానీ 10 మీటర్ల లోతులో చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో బరువు అదనంగా పడుతుంది. 30 సెంటీమీటర్ల గుండ్రటి అద్దం మీద అది 700 కిలోలు. వెడల్పు సగం చేస్తే ఆ భారం పావు వంతుకి దిగుతుంది. చెరిపేసి, చిన్నది గీశాను.

1775లో అమెరికాలో డేవిడ్ బుష్నెల్ కట్టిన ‘టర్టిల్’ కూడా నా బొమ్మలాగే ఒక్క మనిషి పట్టే జలాంతర్గామి. అది ఓక్ చెక్కది. చేత్తో తిప్పే మర, ప్రమాదమొస్తే వదిలేసే సీసం బరువు. చీకట్లో దిక్సూచి కనబడాలని మెరిసే బూజు తెచ్చి పెట్టాడు! ఆ ఊహకి చేతులు జోడిస్తాను. లోపలి గాలి మాత్రం అరగంటకే.

మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడుని పీల్చే సోడాలైమ్ డబ్బా ఆయనకి లేదు. మీరూ ఇలాంటిది గీస్తుంటే, ఇత్తడి దీపం కన్నా ముందు ఆ డబ్బాకి చోటు చూడండి.