దవడ కింద నీరు

2022లో వానలు విడవలేదు. చెరువులు నిండుతుంటే మా ఊరు తిరుమణిలో అందరం సంబరపడ్డాం. దసరాకు ముందు మా మందలో ఒక గొర్రెకు దవడ కింద వాపు దిగింది. ముట్టుకుంటే లోపల నీరు కదిలింది. తర్వాత ఇంకోదానికి. మేత మానలేదు, పారుకోలేదు. తెల్లారేసరికి దొడ్డిలో పడి ఉండేవి.

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నట్టల మందు తాపాం. మళ్లీ తాపాం. తగ్గలేదు. పొద్దున్నే దొడ్డి తడక తీయలేక మా ఆవిణ్ణి పంపేవాణ్ని. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు.

దసరా దాటాక పశువుల డాక్టరు వచ్చారు. కంటిరెప్ప తిప్పారు. ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయింది. చచ్చినదాన్ని కోసి నాలుగో కడుపులో దారాల్లాంటి పురుగులు చూపించారు. హీమాంకస్, రక్తం తాగే నట్ట. ఆడపురుగు రోజుకు వేలల్లో గుడ్లు పెడుతుందట. అవి పెంటికల్లో పొదిగాక పిల్లపురుగులు తడి గడ్డి మీదికి పాకుతాయి. మా చుట్టుపక్కల సుమారు 13,000 ఎకరాలు సోలారు ప్లేట్లకు కౌలుకిచ్చాక (మా పొలమూ అందులోనే, ఆ డబ్బు మేమూ తింటున్నాం) మందలన్నీ చెరువంచుకే చేరాయి. మందు తాపి మళ్లీ ఆ గడ్డికే తోలేవాళ్లం.

డాక్టరు ఒక బూజు సంగతి చెప్పారు. దడ్డింగ్టోనియా. దాణాలో కలిపి పెడితే దాని బీజాలు చావకుండా పెంటికల్లోకి వస్తాయి. అక్కడ వలలు అల్లి పిల్లపురుగులను పట్టేస్తాయి. ఆస్ట్రేలియాలో అమ్ముతున్నారట. ఎంతైనా సరే తెప్పించమని ఆయన చేయి పట్టుకున్నాను. రోజూ పెట్టాలి, కడుపులో ఉన్న నట్టను అది ఏమీ చేయదు, ముందు వీటిని నిలబెట్టుకో అన్నారు.

మందు మార్చి, రెప్ప పాలిపోయినవాటికే తాపించారు. మా పెద్దత్త తన వామిలోని వేరుశనగ కట్టె మోసుకుపొమ్మంది, డబ్బు మాట ఎత్తనివ్వలేదు. సంక్రాంతి దాకా మంద దానిమీదే బతికింది. పక్కింటన్న తన ఆవులను ముందుగా చెరువంచుకు తోలాడు. ఈ నట్ట పెద్ద ఆవులో సరిగా నిలవదు. గడ్డితోపాటు పిల్లపురుగులూ దాని కడుపులోకి పోతాయి. బూజు అందకపోయినా ఈ సాయం అందింది.

వాపు కనిపించేదాకా ఆగకండి. అప్పటికే రక్తం చాలా పోయుంటుంది. వానల్లో వారానికోసారి రెప్పలు చూడండి. పెంటికలు ఆసుపత్రికి పట్టుకెళ్లండి, మందు తాపిన రెండు వారాలకు మళ్లీ చూపించండి. గుడ్లు తగ్గకపోతే ఆ మందు పనిచేయడం లేదు. మొన్నటి వానల్లో మావాటికి తగ్గలేదు. డాక్టరుకు మళ్లీ ఫోను చేశాను.