నీటి అడుగున... క్లిక్!

మొహానికి మాస్కు పెట్టుకుని నీళ్లలోకి తొంగిచూస్తే చాలు... పగడాల మధ్య రంగురంగుల చేపలు! అండమాన్‌లోని ఎలిఫెంట్ బీచ్‌కి వెళ్లిన ఎవరికైనా వెంటనే అనిపించేది ఒక్కటే... 'అయ్యో, దీన్ని ఫొటో తీస్తే ఎంత బాగుండు!' అంతే, ఫోను కాస్తా మెడలో వేలాడే ప్లాస్టిక్ పౌచ్‌లోకి దూరిపోతుంది. సాయంత్రానికి కొన్ని ఫోన్లు మూగబోతాయి. వాటితోపాటే టూర్ మొదలైనప్పటి నుంచీ తీసిన ఫొటోలూ!

పోర్ట్‌బ్లెయిర్ నుంచి (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు) ఫెర్రీలో రెండు గంటల దూరంలో ఉంటుంది హేవ్‌లాక్ దీవి. 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. ఎలిఫెంట్ బీచ్ అక్కడిదే. ఇక్కడికి వచ్చే తెలుగువాళ్లకు భాష బెంగే ఉండదు. 2011 లెక్కల ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల జనాభాలో పది శాతం పైనే తెలుగువాళ్లు మరి.

'మా ఫోనుకి ఐపీ68 ఉందిగా' అని ధీమాగా ఉంటారు కొందరు. ఆ పరీక్షలు చేసేది మంచినీళ్లలో, అదీ కదలకుండా ఉంచి. ఉప్పునీటి సంగతి వేరు. పైగా తడిస్తే టచ్‌స్క్రీన్ మాట వినదు.

తక్కువలో పనైపోవాలంటే యాక్షన్ కెమెరా మేలు. గోప్రో హీరో రకాల్లో చాలావరకు పది మీటర్ల లోతు వరకూ ఏ తొడుగూ లేకుండానే పనిచేస్తాయి. స్నార్కెలింగ్‌కి అది చాలు. తిరకాసంతా స్కూబాతోనే. ఈత రానివాళ్లనూ శిక్షకులు చేయిపట్టి తీసుకెళ్లే తొలి డైవ్‌లో పన్నెండు మీటర్ల వరకూ దిగొచ్చు. కెమెరా హద్దు పదే! అందుకే హౌసింగ్ అనే గట్టి పెట్టె కావాలి. అది ఉంటే అరవై మీటర్ల దాకా దిగులుండదు. చిన్న చిన్న జీవుల్ని దగ్గరగా తీయాలనుకుంటే ఒలింపస్ టీజీ-6 లాంటి కాంపాక్ట్ కెమెరా నయం. పదిహేను మీటర్లు తట్టుకుంటుంది, సెంటీమీటరు దూరం నుంచీ ఫొటో తీస్తుంది. ఇంట్లో పెద్ద కెమెరా ఉంది కదా, దానికే హౌసింగ్ కొందామనుకుంటే మాత్రం ఒకసారి ఆలోచించాలి. చాలాసార్లు కెమెరా కన్నా హౌసింగే ఖరీదు! మోడల్ మారితే అదీ పనికిరాదు.

ఇంతకీ వేల రూపాయల కెమెరాను కాపాడేది ఏమిటో తెలుసా? సన్నటి రబ్బరు రింగు! ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్‌కి తమ్ముడులాంటిది. ఓ-రింగ్ అంటారు. దానిమీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఉన్నా చాలు, నీళ్లు దారి చేసుకుంటాయి. విచిత్రమేమిటంటే, లోతుకి వెళ్తే నీటి ఒత్తిడికి మూత ఇంకా బిగుసుకుంటుంది. చాలా లీకులు బయటపడేది ఒడ్డుకి దగ్గర్లోనే. అందుకే హౌసింగ్‌ని ఇసుకలో కూర్చుని తెరవకూడదు. హోటల్ గదిలోనే రింగు తుడిచి, దానికి సరిపడే గ్రీజు పల్చగా రాసి మూయాలి. కొత్తది కొనగానే కెమెరా పెట్టకుండా, లోపల టిష్యూ కాగితం ఒకటి వేసి బకెట్ నీళ్లలో ముంచి చూడాలి. కాగితం తడవకపోతేనే కెమెరాకి చోటు!

ఫొటోలన్నీ నీలంగా వచ్చాయని కెమెరాను తిట్టుకునేవాళ్లూ ఉంటారు. దాని తప్పేం లేదు. అయిదు మీటర్లు దాటితే ఎరుపు రంగు దాదాపు మాయమవుతుంది. లెన్సుకి ఎర్ర ఫిల్టర్ తగిలిస్తే కొంత నయం. దూరం నుంచి జూమ్ చేసే బదులు చేతికందేంత దగ్గరకు వెళ్తే ఇంకా మంచిది. ఫ్లాష్ వేస్తే నీళ్లలోని నలకలన్నీ మంచు కురిసినట్టు మెరుస్తాయి.

దగ్గరకన్నారని పగడాల మీద కాలు మోపితే కష్టం. చాలా పగడాలు ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతాయి. ఒక్క తన్నుకి ఎన్నేళ్ల పెరుగుదలో పోతుంది! పొడవాటి సెల్ఫీ స్టిక్ కూడా తక్కువదేం కాదు. దాని బదులు నీళ్లలో తేలే హ్యాండిల్ తీసుకుంటే, జారినా కెమెరా పైకి తేలుతుంది.

ఒడ్డుకి రాగానే పిల్లలు 'చూపించు, చూపించు' అని మీద పడతారు. హౌసింగ్ మూత అప్పుడే తీయకూడదు. మూసినది మూసినట్టే మంచినీళ్ల తొట్లో అరగంట నానబెట్టి, ఉప్పంతా వదిలాక బటన్లన్నీ ఒకసారి నొక్కి, పొడి టవల్‌తో తుడవాలి. తల వెంట్రుకల నుంచి కారే నీటిచుక్క కూడా దానిమీద పడకూడదు మరి!