గట్టు మీద కాపలా

2022 మే నెలాఖరు మా కోనసీమ వాళ్లకి బాగా గుర్తు. అమలాపురంలో 24న జరిగిన అల్లర్ల తర్వాత ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ల్యాప్‌టాప్ సంచులు భుజాన వేసుకుని, సిగ్నల్ ఎక్కడ దొరికితే అక్కడ, గోదావరి గట్టున కూడా కూర్చుని పని చేసుకున్నారు. ఉద్యోగం మీద వాళ్ల శ్రద్ధకి ముచ్చటేసింది. దాంతోపాటే ఓ బెంగ. ఎవరిదో వైఫై, ఎవరి ఫోనో హాట్‌స్పాట్... కంపెనీ గుట్టంతా ఏ దారిన పోతున్నట్టు?

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వాళ్లనే అనడానికి లేదు. సొంత ఫోన్ లేనిదే ఏ ఉద్యోగం సాగుతోంది? ఆఫీసు కాగితాలూ అందులోనే, పిల్లల ఆటలూ అందులోనే. పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సప్‌లో దిగే ఏపీకే ఫైలూ అందులోకే!

పాస్‌వర్డులు భద్రపరిచే అమెరికా కంపెనీ లాస్ట్‌పాస్‌కి 2022లో దెబ్బ తగిలింది ఇలాగే. ఓ ఇంజినీరు ఇంటి కంప్యూటర్లో వీడియోలు, పాటల కోసం వాడే సాఫ్ట్‌వేర్ లోపం పట్టుకుని దొంగలు దూరారు. టైపు చేసిన మాస్టర్ పాస్‌వర్డు పసిగట్టి, ఖాతాదారుల డేటా బ్యాకప్‌ల దాకా వెళ్లిపోయారు.

ఇలాంటివి వినగానే ఆఫీసులు సర్క్యులర్లు తీస్తాయి. తప్పు చేస్తే చర్యలంటాయి. అప్పుడేమవుతుంది? తెలియక లింకు నొక్కినవాడు భయపడి నోరు మూసుకుంటాడు. దొంగకి కావలసిందీ అదే.

1986 ఆగస్టు వరద చూసిన మా పెద్దవాళ్లని అడగండి. గట్టుకి ఎక్కడైనా నీరు ఊరుతోందంటే, చూసినవాడు కేకేయాలి. ఊరంతా ఇసుక బస్తాలతో పరిగెత్తాలి. ‘నువ్వే తవ్వావా?’ అని వాడినే నిలదీస్తే, మర్నాడు ఎవడు కేకేస్తాడు?

ఆఫీసులు చేయాల్సిందీ అంతే. చెప్పినవాణ్ని మెచ్చుకోవాలి. జాగ్రత్తని సులువు చేయాలి. ఆఫీసు యాప్‌లని విడి అరలో ఉంచే ‘వర్క్ ప్రొఫైల్’ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది. ఫోన్ పోతే ఇంటి ఫొటోల జోలికి పోకుండా ఆ అర ఒక్కటే చెరిపేయొచ్చు. ఈ సంగతి విడమరిచి చెబితే, ‘నా ఫోన్లోకి ఆఫీసు తొంగిచూస్తుందేమో’ అన్న జంకు సగం తగ్గుతుంది.

మన వంతూ ఉంది. అప్‌డేట్ వస్తే వాయిదా వేయొద్దు. స్క్రీన్‌లాక్ తీసేయొద్దు. ఆఫీసు ఫైళ్లున్న ఫోన్ పిల్లల చేతికివ్వొద్దు. డబ్బు పోయిందని తెలిస్తే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఆ తర్వాతి ఫోన్ ఆఫీసుకి... నదురూ బెదురూ లేకుండా.