నెలలు నిండిన వేళ చేతిలోని రొక్కము

గృహస్థుని వ్యయములలో పెండ్లివంటివి తమ దినమును, తమ మొత్తమును రమారమి ముందుగనే తెలిపి వచ్చును. వ్యాధివంటివి ఆ రెంటిలో దేనిని తెలుపకయే వచ్చి పడును. ప్రసవ మీ రెంటికిని నడిమి తీరు గలది. అది తాను వచ్చు మాసమును ఎన్నో నెలల ముందే చెప్పును గాని, ఎంత పట్టుకొనిపోవునో చివరి గడియ వఱకు చెప్పదు. అట్టి వ్యయమునకు సరియైన సన్నాహము, అది ఏ వైపు తిరిగినను చేతికందునట్లు రొక్కము నిలుపుకొనుటయే యని, తొలి బిడ్డకై ఎదురుచూచుచున్న ఈ ఎనిమిదవ నెలలో మా దంపతులకు దృఢముగా తోచుచున్నది. ఆ తలంపుతో మేము చేసిన కొన్ని నిర్ణయములను, వాని వెనుకనున్న లెక్కలను ఇచట వివరింతును.

మే మిరువురమును హైదరాబాదులో ప్రైవేటు కొలువులు చేయువారము. సీమంతమైన పిమ్మట నా భార్య తెనాలిలోని పుట్టింటికి వెళ్ళినది. తొలికాన్పు పుట్టింట జరుగుట మా ఉభయ కుటుంబములకును ఆచారము. ఇల్లు కదలకమునుపే స్నేహితురాండ్రు ఆమెకొక జాబితా నొసగిరి. అందు ఉయ్యాల, స్ట్రోలరు, పాలసీసాలను ఆవిరిలో శుద్ధిచేయు యంత్రము, నెలల వారీగా దుస్తులు, పెట్టెలకొలది డైపర్లు మొదలగునవి వరుసగా నుండి, కూడిక వేసి చూచినచో నా నెలజీతమునకు దరిదాపుగా నుండెను. ఆ జాబితా చదివి వినిపింపగా మా అత్తగారు ఒక్క మాటలో తేల్చివేసినారు: "బిడ్డ భూమ్మీద పడకుండా ఇవన్నీ ఏమిటే అమ్మాయీ? మీ నాన్నగారి పాత పంచెలు ఉతికి మడతపెట్టాను, పొత్తిగుడ్డలకి అవి చాలు."

కాన్పునకు ముందు శిశువు కొఱకేమియు కొనరాదను ఈ నిషేధము, పురిటింట శిశుమరణములు తఱచుగా సంభవించిన కాలమునందు, కొన్న వస్తువులు కన్నుల యెదుట మిగిలిపోవు దుఃఖమును తలంచి ఏర్పడినదై యుండవచ్చును. ఆ భయము మాకు లేదు. అయినను ఆ నిషేధమును పాటించుటకు మా లెక్కలే మమ్ము ప్రోత్సహించినవి. ఏలయనగా శిశువునకేమి కావలెనో శిశువు వచ్చిన తరువాతనే తెలియును. డైపరు కొలత శిశువు బరువును బట్టి యుండును. ఒక రకము ఒంటికి సరిపడక ఎఱ్ఱని పొక్కులు లేచినచో, చౌకయని కొన్న పెద్దకట్ట వ్యర్థమగును. తొలి ఆరు మాసములు తల్లిపాలు మాత్రమే పట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, వైద్యురాలు పోతపాలు వ్రాసియిచ్చిననాడు గాని సీసాలకును, వానిని శుద్ధిచేయు యంత్రమునకును పనిలేదు. పుట్టినప్పటి కొలతకు కుట్టిన గౌన్లు కొలది వారములకే పొట్టివగును. ఆపై బారసాలకు వచ్చు చుట్టములందఱును తెచ్చునవి గౌన్లే. ఉయ్యాల మాటయందురా, నా భార్య పండుకొన్న టేకు ఉయ్యాల అటకమీద నుండగా, వడ్రంగిని పిలిచి మేకులు, గొలుసులు బిగింపించితిమి. వైద్యశాలకు తీసికొనిపోవలసిన సంచికి అవసరమైన వాటిని తప్ప తక్కిన జాబితానంతయు ప్రక్కన పెట్టి, ఆ మొత్తమును బ్యాంకులోనే యుంచితిమి. బజారు ఎక్కడికిని పోదు. కావలసిననాడు గంటలో తెచ్చుకొనవచ్చును.

వైద్యశాల విషయమున మాత్రము కావలసిననాడు చూచుకొందమను ధోరణి పనికిరాదు. అచటి లెక్కల గుమాస్తా యెదుట కూర్చుండి, అంచనా కాగితమును వ్రాయించుకొని, ప్రతి పంక్తికిని ప్రశ్న వేసితిమి. సహజ ప్రసవమునకు 60,000 రూపాయలు, సిజేరియనునకు 1,00,000 రూపాయలు అని పెద్ద అక్షరములలో నుండెను. మందులు, రక్తపరీక్షలు, పిల్లల వైద్యుని రుసుము ప్యాకేజీకి వెలుపలివని అడుగున చిన్న అక్షరములలో నుండెను. శిశువును కొన్ని దినములు ప్రత్యేక సంరక్షణ విభాగములో నుంచవలసివచ్చినచో దినమునకింతయని వేరుగా వసూలు చేయుదురని కాగితమున ఎచ్చటను లేదు. అడిగిన పిమ్మట గుమాస్తా ఆ సంఖ్యను పెన్సిలుతో అంచున వ్రాసియిచ్చెను. ఆ కాగితమంతటిలో మాకు ఎక్కువగా ఉపకరించినది ఆ పెన్సిలు పంక్తియే.

సహజ ప్రసవమే కాగలదని వైద్యురాలు ధైర్యము చెప్పుచున్నను, మేము పెద్ద మొత్తమునే లెక్కలో వేసికొంటిమి. ఇది నిరాశావాదము గాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేననుసరించి, దేశమంతట జరిగిన కాన్పులలో సిజేరియనులు 21.5 శాతము కాగా, ఆంధ్రప్రదేశములో 42.4 శాతము, తెలంగాణములో 60.7 శాతము. ఈ సంఖ్యలకు గల కారణములు వేరొక చర్చకు తగినవి. ఇల్లు నడుపుకొనువానికి మాత్రము అవి చెప్పునది స్పష్టము. ప్రైవేటు వైద్యశాల అనివార్యమని నేననను. 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము వలన ప్రభుత్వ వైద్యశాలలలో ప్రసవము, సిజేరియను, మందులు, పరీక్షలు, రక్తము, ఉన్నన్నాళ్ళు ఆహారము, ఇంటికి చేర్చు వాహనము గూడ ఉచితముగా లభించును. వ్యయమునకు జంకువారు అప్పు చేయుటకు ముందు ఆ ద్వారమును తట్టిచూచుట మేలు. నా భార్యకు తన్ను చూచుచున్న వైద్యురాలి యెడ నమ్మకము కుదిరియుండుట చేత మేము ప్రైవేటు వైద్యశాలనే ఎన్నుకొంటిమి.

నా కార్యాలయము వారి సామూహిక ఆరోగ్య బీమాలో ప్రసవమునకు 75,000 రూపాయల పరిమితి కలదు. సొంతముగా కొను పాలసీలలో ప్రసవ వ్యయమునకు నిరీక్షణ కాలముండును. కొన్నింట తొమ్మిది నెలలు, కొన్నింట రెండేండ్లు, అంతకు మించియు. కావున గర్భము నిలిచిన తరువాత ఆ పాలసీని కొనుట వలన ఆ కాన్పునకు ఫలము లేదు. బిడ్డను కోరు దంపతులు పెండ్లినాడే చూచుకొనవలసిన సంగతి యిది. పాలసీ కాగితములలో నేను ఎక్కువసేపు నిలిచినది గది అద్దె నిబంధన యొద్ద. పాలసీ దినమునకు 4,000 రూపాయల గదినే అంగీకరింపగా మనము 8,000 రూపాయల గదిలో చేరితిమనుకొందము. మన చేతినుండి పోవునది ఆ పైనున్న 4,000 మాత్రమేయని పెక్కురు తలంతురు. అనేక పాలసీలలో వైద్యుని రుసుము, శస్త్రచికిత్స గది కిరాయి మొదలగు అనుబంధ వ్యయములును అదే నిష్పత్తిలో సగమునకు కుదింపబడును. లక్ష రూపాయల బిల్లులో ఈ ఒక్క నిబంధన యెంత కోత పెట్టునో ఊహింపవచ్చును. అందుచేత పరిమితికి లోబడిన గదినే ముందుగా చెప్పియుంచితిమి. తోడుండు అత్తగారికి ఒక బల్ల యున్నది, చాలును.

శిశువునకు మొదటి దినమునుండియే బీమా వర్తించునని పాలసీలో నున్నను, గడువులోపల పేరు చేర్పింపవలెను. ఆ లేఖను ముందే వ్రాసి, తేదీ మాత్రము ఖాళీగా విడిచితిని. జనన నమోదును 21 దినములలో చేయించినచో రుసుము లేదు. శిశువు పేరును పన్నెండు నెలలలోపు ఉచితముగా చేర్చుకొనవచ్చును. కావున పేరు కుదరలేదని నమోదును ఆపనక్కఱలేదు. 2023 అక్టోబరు 1 మొదలు పుట్టిన వారికి బడిలో చేరుటకును, పాసుపోర్టు పొందుటకును జనన ధ్రువపత్రమే ఆధారము గనుక, అందు తల్లిదండ్రుల పేర్ల వర్ణక్రమము ఆధారు కార్డులలో నున్నట్లే యుండునట్లు చూచుకొనుట బంగారము కొనుటకంటె ముఖ్యము.

ఇంతవఱకు చెప్పినది వైద్యశాల గుమ్మములోపలి వ్యయము. మా లెక్కలలో అంతకంటె పెద్దగా తేలినది, అందఱును తక్కువగా తలచునది, సెలవు ముగిసిన తరువాతి కాలము. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమునకు 2017లో జరిగిన సవరణ వలన, మొదటి రెండు కాన్పులకు జీతముతో కూడిన సెలవు 12 వారములనుండి 26 వారములకు పెరిగినది. అందు 8 వారములకు మించి కాన్పునకు ముందు వాడుకొనరాదు. కాన్పునకు ముందటి సంవత్సరములో కనీసము 80 దినములు పనిచేసి యుండవలెను. ఇంటినుండి పని చేయుటకు అనుమతి లభించినందున, నా భార్య ముందటి వారములను వీలైనంత మిగిల్చి, బిడ్డ ఒడిలోనికి వచ్చిన తరువాత వాడుకొన నెంచినది. అయినను ఆఱు మాసములకే బిడ్డను విడిచి ఉద్యోగమునకు పోజాలనని, సంవత్సరము నిండువఱకు జీతము లేని సెలవు తీసికొందునని ఆమె నిశ్చయము. యాబదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు సంస్థలలో శిశు సంరక్షణ గృహము ఉండవలెనని ఆ సవరణయే విధించినది గాని, హైదరాబాదు రాకపోకల నడుమ చంటిబిడ్డను త్రిప్పుట ఆమెకు సమ్మతము గాదు.

అనగా కాన్పునాడు బీమా యున్నది, ఆ పిమ్మట ఆఱునెలలు ఆమె జీతమున్నది. ఏడవ నెలనుండియే అసలు లోటు. ఇది గ్రహించి, ఐదవ నెలనుండి ఇంటిని నా జీతముతోనే నడుపుచు, ఆమె జీతమును ముట్టకుండ వేఱొక ఖాతాలో చేర్చుచు వచ్చితిమి. ఈ అభ్యాసము వలన రెండు లాభములు కలిగినవి: లోటు నెలలకు సొమ్ము కూడినది, ఒక జీతముతో ఏవి జరుగును, ఏవి జరుగవను ఎఱుక ముందుగనే కలిగినది. కూడిన దానిలో కొంత పొదుపు ఖాతాలోను, తక్కినది ఒక్క పెద్ద ఫిక్సెడు డిపాజిట్టుగా గాక చిన్నచిన్న మొత్తములుగాను వేసితిమి; ఒకటి గడువునకు ముందే తీయవలసివచ్చినను తక్కిన వాని వడ్డీకి భంగము లేదు. ఏటేట నాకు వచ్చు బోనసును ఇంటి అప్పు అసలుకు జమకట్టుట వాడుక. ఈ యేడు కట్టలేదు. అప్పుమీది వడ్డీ డిపాజిట్టు వడ్డీకంటె ఎక్కువ గనుక ఇందు కొంత నష్టము కలదని తెలియును. కాని జమకట్టిన సొమ్మును అర్ధరాత్రి వైద్యశాలవారు అడిగినప్పుడు బ్యాంకువారు తిరిగి యీయరు. ఆ కొలది వడ్డీ, సొమ్ము చేతిలో నుండుటకు మేము చెల్లించు వెల.

ఈ లోపల శిశువు భవిష్యత్తు పేరిట పాలసీలు అమ్మవచ్చినవారు లేకపోలేదు. బిడ్డ చదువునకు, బిడ్డ పెండ్లికి అని మొదలిడినచో ఈ నెలలో ఏ తండ్రి మనసైనను కరుగును. మేము క్రమమును మార్చి ఆలోచించితిమి. బిడ్డకు మొదటి రక్ష సంపాదించువాని ప్రాణమునకు బీమా. కావున పొదుపుతో ముడిపడని టర్మ్ పాలసీ మొత్తమును పెంచి, ఉద్యోగ భవిష్యనిధిలోను, బ్యాంకు ఖాతాలలోను నామినీల పేర్లు సరిచూచితిని. పెండ్లికి ముందు వ్రాసిన మా అమ్మగారి పేరే కొన్నింట ఇంకను నిలిచియుండెను. ఆడపిల్ల పుట్టినచో సుకన్య సమృద్ధి ఖాతా తెఱచెదము: ఏటికి 250 రూపాయలు మొదలు లక్షన్నర వఱకు పదునైదేండ్లు కట్టవచ్చును, ఖాతా తెఱచిన ఇరువది యొక్క యేండ్లకు ముగియును, 2024 జనవరినుండి వడ్డీ 8.2 శాతముగా నిర్ణయింపబడినది. మగపిల్లవాడైనచో ప్రజా భవిష్యనిధి యున్నది. ఐనను, అవి సొమ్మును ఏండ్ల తరబడి బంధించునవి; బిడ్డకు పదేండ్లు నిండులోపల సుకన్య ఖాతా నెప్పుడైనను తెఱువవచ్చును గనుక, నా భార్య మరల ఉద్యోగములో చేరువఱకు కనీసపు మొత్తమునకు మించి కట్టరాదని నిశ్చయించుకొంటిమి.

ఇక మిగిలినది ఇరువైపుల మర్యాదకు సంబంధించిన చిక్కు. తొలికాన్పు వ్యయము పుట్టింటివారిదని ఆచారము. మా మామగారు విశ్రాంత ఉపాధ్యాయులు. పింఛనుతో ఇల్లు గడుపుకొనుచు, కూతురి పురిటికని పెండ్లినాటినుండి ఒక చీటీ కట్టుచున్నారు. వైద్యశాల అంచనా చూచిన దినమున, ఆ చీటీని తక్కువకు పాడుకొని యెత్తివేసెదనని బయలుదేరినారు. చీటీ యెంత ముందుగా పాడుకొన్న అంత నష్టము. ఆయన చెమటోడ్చి కూడబెట్టినదానిలో ఒక భాగము తొందరపాటునకు బలియగును. బీమా యుండగా మీరు సొమ్ము తేనక్కఱలేదని చెప్పుట నా నోట బాగుండదు. ఆ మాట నా భార్యయే తన మాటగా చెప్పినది. "నాన్నా, ఆసుపత్రి బిల్లు ఆఫీసువాళ్ళే కడతారు. చీటీ చివరిదాకా ఉంచితే వచ్చే ఏడు మొత్తం చేతికొస్తుంది. నాకు జీతం రానిది అప్పుడే కదా!" ఆయన కాసేపు మౌనముగా నుండి, బారసాల వ్యయమును, వెండి ఉగ్గుగిన్నెను, మొలత్రాటిని మాత్రము తనకు విడువవలెనను షరతుతో ఒప్పుకొన్నారు. ఆచారము చెడలేదు, చీటీ చెడలేదు. పుట్టింటివారి సొమ్ము మాకు ఎక్కువ పని యున్న నెలలకు వాయిదా పడినది.